పొడి ఒక పిడికెడు

మీ యింట పాత పెట్టె అడుగుననో, బైబిలు పుటల మధ్యనో నూనె మరకలు పడిన కాగితమొకటి ఉండవచ్చును. ఉన్నయెడల దానిని ఈ దినమే బయటికి తీయుడి. అందు వ్రాసినదానికి అర్థము చెప్పగల మనిషి ఇంకను మన మధ్య ఉన్నదేమో విచారింపుడి. నేనింత తొందరపెట్టుటకు కారణము కలదు.

మాది తంగళ్ళపల్లి. సిరిసిల్ల పట్టణమునకును మాకును నడుమ మానేరు. వంతెన దాటినచో మా ఊరే. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు మా ఊరు మండల కేంద్రమైనది గాని, మా నాయనమ్మ కాలమున అది కరీంనగరు జిల్లాలో ఒక పల్లె. మగవారు మగ్గము గుంటలో, ఆడువారు బీడీల చాట ముందర, ఇదే బ్రతుకు. అయినను పండుగ వచ్చినచో ఏ ఇంటను అప్పాలు లేకుండ ఉండెడివి కావు.

ఈ అప్పాలలో చాల భాగము నేటికిని పోలేదు. ఎందుచేతననగా వానిని ఒంటరిగా చేయువారు లేరు. సకినాలు పోయుటకు వాడకట్టులోని ఆడువారందరు ఒక ఇంట కూర్చుందురు. చుట్టు తిప్పుట రాని పిల్ల పక్కవారి వ్రేళ్ళను చూచి నేర్చుకొనును. అరిసెలు కూడ అట్లే. బియ్యము నానబెట్టి, నీరోడ్చి, తడి ఆరకమునుపే దంచిన పిండి కావలెను. మరలో ఆడించిన పొడిపిండితో చేసినచో అరిసె రాయి వలె గట్టిపడును. బెల్లపు పాకము చుక్కను చల్లని నీటిలో వేసి, వ్రేళ్ళతో ఉండ చేయుదురు. ఉండ నిలిచినచో పాకము వచ్చినట్లే. ఈ సంగతి ఎవరును కాగితము మీద పెట్టలేదు, పెట్టనక్కరలేదు కూడ.

మలీద సంగతి మరియు చిత్రమైనది. రొట్టెలను చేతితో నలిపి, బెల్లము కలిపి ముద్దలు చేసినచో అది మలీద. సద్దుల బతుకమ్మనాడు మా పొరుగువారు దానిని చేయుదురు. మొహర్రమున పీరుల పండుగకు సాయిబుల ఇండ్లలోను, వారితోపాటు పీరులను మ్రొక్కు ఇతరుల ఇండ్లలోను అదే మలీద. ఆ మాట పారసీ భాషది. నలిపినది అని దాని అర్థము. ఒక పరదేశపు మాట, మన బెల్లము, మన రొట్టె కలిసి అన్ని ఇండ్లలో తిరుగుచుండగా అది పోవుట ఎట్లు?

పోయినది మా నాయనమ్మ బిస్కెట్టు. దానిని ఆమె ఒక్కతెయే చేసెడిది. క్రిస్మసుకు పది దినముల ముందు పిండి, నెయ్యి, చక్కెర ఒక రేకు డబ్బాలో పెట్టుకొని, వంతెన దాటి సిరిసిల్లకు పోయి, రొట్టెల భట్టీలో కాల్పించుకొని వచ్చెడిది. ఇంట పొయ్యి తప్ప మరియొకటి లేని ఆ రోజులలో అనేకులు ఇట్లే తమ సామాను తాము ఇచ్చి, కూలి కట్టి బిస్కెట్లు చేయించుకొనెడివారు. వచ్చిన బిస్కెట్లలో సగము వాడకట్టుకు పంచిన తరువాతనే మా చేతికి వచ్చెడివి. పిల్లలమైన మాకు ఆ పద్ధతి ఎంతమాత్రము నచ్చెడిది కాదు.

రెండేండ్ల క్రిందట మా అమ్మకు అన్నము సయించుట మానినది. ఆమెకు ఎనుబది దాటినవి. జ్ఞాపకము కూడ సన్నగిల్లినది. కొన్ని దినములు నన్ను తన చెల్లెలని పిలుచును. ఏది పెట్టినను నోట పెట్టుకొని తీసివేయును. అట్టి ఆమె ఒకనాడు స్పష్టముగా, "అత్తమ్మ చేసిన బిస్కెట్టు ఒక్కటియ్యి బిడ్డా" అని అడిగెను. మరునాడును అడిగెను. అడిగిన ప్రతిసారియు ఇప్పుడే మొదట అడిగినట్లు అడిగెను.

పెట్టె వెదకితిని. కాగితము దొరకినది. వ్రాత మా అమ్మదే. "మైదా రెండు సోలలు. నెయ్యి పిండి పట్టినంత. చక్కెర చూచి. పొడి ఒక పిడికెడు. ఉప్పు." ఇంతే. చదువరీ, "చూచి" అను మాటను చూచి నేను నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియక కూర్చుంటిని. కాగితమును అమ్మ చేతిలో పెట్టి, "ఈ పొడి ఏందమ్మా?" అని అడిగితిని. ఆమె తన అక్షరములను వ్రేలితో తడిమి, "మంచిగ రాసిండ్రు" అనెను.

కొలత సంగతి కొంత సులభముగా తేలినది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. లెక్క ఇదే గాని, మానిక మాత్రము ఊరి ఊరికి తేడా. మన దేశమున తూనికలకు, కొలతలకు 1956లో చట్టము చేసి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతిని అమలు చేయ మొదలుపెట్టిరి. అయినను మా వంటింటికి కిలోగ్రాము వచ్చుటకు మరి ఇరువది ఏండ్లు పట్టెను. నాయనమ్మ సోల మా చిన్నమ్మ ఇంట చక్కెర డబ్బాలో దొరకినది. దానిని అంచుదాక తలగొట్టి తూచినచో మైదా 190 గ్రాములు; కుప్పగా పోసినచో 250. నాయనమ్మ అమ్మకమునకు పోయునప్పుడు తలగొట్టును, పెట్టుపోతలకైనచో కుప్పపోయును అని చిన్నమ్మ చెప్పెను. బిస్కెట్టు ఏ లెక్కలోనిదని అడుగగా, "అది చుట్టాలకు గదా" అనెను. అప్పుడు రెండు సోలలు అయిదు వందల గ్రాములైనవి.

లేవీయకాండము ఇరువది నాలుగవ అధ్యాయము మీరు చదివియుందురు. గుడారములో పెట్టవలసిన పండ్రెండు రొట్టెలకు ఒక్కొక్కదానికి ఏఫాలో రెండు పదియవ వంతుల గోధుమపిండి అని కొలత అందు నిర్ణయింపబడియున్నది. అయితే నీరెంత, నిప్పు మీద ఎంత సేపు అను మాట అక్కడను లేదు. అది చేయు చేతులకు తెలిసియే ఉండును గనుక వ్రాయలేదు కాబోలు.

నెయ్యి, చక్కెరల లెక్క కొరకు సిరిసిల్లలో, చిన్నతనమున భట్టీలో పిండి పిసికిన ఒక పెద్దాయనను కలిసితిని. "చాచా, పిండి పట్టినంత నెయ్యి అంటే ఎంత?" అంటిని. ఆయన ఆలోచింపకనే, "కిలో మైదాకు అర్ధకిలో నెయ్యి, అర్ధకిలో చక్కెర. నానఖటాయి లెక్క గదే. అందరూ నాదే రహస్యం అంటరు, అందరిదీ గదే" అనెను. పొడి అనగా అమోనియా కావచ్చునని ఊహించెను. రొట్టెలవారు వాడు ఈ ఉప్పు వేడికి పూర్తిగా ఆవిరైపోవును. ఆ ఆవిరియే బిస్కెట్టును గుల్లచేయును. పలుచని బిస్కెట్టులోనుండి ఘాటు వెలుపలికి పోవును గాని, మందమైన కేకులో చిక్కుకొనును. భట్టీ తలుపు తీసినప్పుడు ముక్కును తాకు ఆ ఘాటు నాకును జ్ఞాపకమున్నది. కాని అమోనియా చిటికెడు చాలును. పిడికెడు వేసినచో ఆ బిస్కెట్టును కుక్క కూడ ముట్టదని ఆయనయే చెప్పెను.

చిటికెడు వేసి చేసితిమి. మంచి నానఖటాయి వచ్చెను. అమ్మ కొరికి, పళ్ళెములో పెట్టి, "ఇది దుకాణంది" అనెను.

ఇక మిగిలినది మా చిన్న మేనత్త. ఆమె పెండ్లియై భివండి పోయి యాబది ఏండ్లు దాటినవి. మా ప్రాంతపు నేతవారు అనేకులు ఆ దారినే పోయిరి; అక్కడి సాంచెల నడుమ మా తెలుగే వినబడు వీధులున్నవి. ఫోనులో అడుగగా, "ఏమో బిడ్డా, యాదికి లేదు" అని మాట మార్చెను. మార్చిన తీరు నాకు అనుమానము కలిగించెను గనుక బస్సెక్కి పోయితిని. మొదటి దినము ఆమె ఏమియు చెప్పలేదు. రెండవనాటి సాయంకాలము, కోడండ్లు లేనప్పుడు, మెల్లగా చెప్పెను.

"గది పాలపొడి బిడ్డా. దానం పాలపొడి."

1954లో అమెరికాలో ఒక చట్టము అయినది. 480వ సంఖ్య చట్టమని మన పెద్దలు దాని పేరు వినియుందురు. దాని క్రింద గోధుమలు, పాలపొడి మన దేశమునకు వచ్చినవి. 1965, 1966లో వరుసగా వానలు తప్పినప్పుడు, ఒక్క 1966లోనే కోటి టన్నులకు మించిన ధాన్యము బయటినుండి రావలసి వచ్చెను. పాలపొడిని బడుల ద్వారాను, సంఘముల ద్వారాను పంచిరి. ఆ కరవున మా తాత మగ్గము నిలిచిపోయినది. నాయనమ్మ వరుసలో నిలుచుండి పాలపొడి తెచ్చినది. ఆ సంవత్సరము నెయ్యి చాలక, పిండి నిలువక, ఒక పిడికెడు పొడి కలిపి బిస్కెట్టు చేయించినది. ఎప్పటివలెనే సగము వాడకట్టుకు పంచినది.

"మీ అమ్మ కొత్త కోడలు. అన్నీ కాయితం మీద రాస్తుండె. పాల అని రాయకు, ఎవలన్న సదివితే మనం దానం తిన్నమని తెలుస్తది, అని అమ్మ అన్నది. గందుకే పొడి అని రాసింది. ఎనుకకు మంచి రోజులు వచ్చినంక కూడ అమ్మ దుకాణంల డబ్బా కొని ఏసింది. మీరు పోరలు గా రుచికి అలవాటు పడ్డరు గదా" అని చెప్పి, మేనత్త నా చేయి పట్టుకొనెను. "నువ్వు గూడ ఎవలకు చెప్పకు" అనెను.

నేను ఆమెతో వాదించితిని. వరుసలో నిలుచుండి తెచ్చినదానిలో సగము పంచిన మనిషికి పరువు తక్కువ ఎట్లగునని అడిగితిని. ఆమె చాల సేపు ఊరకుండెను. నేను బస్సెక్కునప్పుడు మాత్రము, "సరే, రాసుకో. పేరు మాత్రం పెట్టకు" అనెను. అందుచేతనే ఇందులో ఎవరి పేరును లేదు.

చేయగోరువారు చేసికొనుడి. మైదా 500 గ్రాములు, నెయ్యి 250, మెత్తగా నూరిన చక్కెర 250, పాలపొడి ఒక పిడికెడు, అనగా 40 గ్రాములకు కొంచెము తక్కువ. ఉప్పు, అమోనియా చిటికెడు చిటికెడు. నెయ్యిని చక్కెరతో తెల్లబడువరకు చేతితో రుద్దుడి, ఇందులో త్వరపడరాదు. తరువాత మిగిలినవి కలుపుడి. ఓవెను లేనివారు మందమైన డేక్సాలో ఇసుక పోసి కాచి, దాని మీద పళ్ళెము నిలిపి, మూత మీద కూడ నిప్పులు వేయవచ్చును. పాలపొడి ఉన్న పిండి త్వరగా ఎర్రబడును గనుక దగ్గర నిలుచుండుడి.

మేము దగ్గరనే నిలుచుండి, ఎర్రగా, అందముగా దించితిమి. అమ్మ ఒకటి తిన్నది. రెండవది కూడ చేతిలోనికి తీసికొని, వెనుకకు త్రిప్పి చూచి, "మంచిగనే ఉన్నది గని, అత్తమ్మవి అడుగు మాడుతుండె" అనెను.