నిద్ర పడతలేదు, అంతే

హైదరాబాద్‌లోని ఒక క్యాన్సర్ ఆస్పత్రి ఓపీలో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మాటలన్నీ పీఎస్ఏ అనే రక్తపరీక్ష అంకె చుట్టూనే. ఒకాయనకు నాలుగు నుంచి ఆరుకు ఎక్కిందట, ఇంకొకాయనకు ఇరవై నుంచి రెండుకు దిగిందట. మనసు సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

పేషెంటు సరేనన్నాక కౌన్సెలింగ్ గదిలో ఓ మూల కూర్చున్నాను. కరీంనగర్ వైపు రైతు, అరవై దాటాయి. పక్కనే భార్య.

"బాపూ, రెండు వారాల సంది ఏ పని మీదన్నా మనసు పోతుందా?" అని కౌన్సెలర్ అడిగింది.

"మంచిగనే ఉన్నడు మేడం" అని భార్యే జవాబిచ్చింది. ఆయన తువ్వాలు కొస వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నాడు. కౌన్సెలర్ ఆమెను మందుల కౌంటర్‌కు పంపింది. తలుపు మూసుకున్నాక గానీ ఆయన నోరు విప్పలేదు.

"నిద్ర పడతలేదు బిడ్డా, అంతే." కాసేపాగి, "బాయికాడికి పోవుడు బంద్ జేసిన. ఉన్నట్టుండి ఒళ్లంత మంటలు, చెమటలు. మొగోన్నేనా అనిపిస్తది. ఎవలకు చెప్తం?"

ఆ మంటలు ఆయన వేయించుకుంటున్న ఇంజెక్షన్‌వి. ఈ క్యాన్సర్ మగ హార్మోను మీద ఆధారపడి పెరుగుతుందని చార్లెస్ హగిన్స్ 1941లో చూపించాడు. 1966లో నోబెల్ అందుకున్నాడు. అందుకే జబ్బు ముదిరినవాళ్లకు వృషణాలు తీసేస్తారు, లేదా నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ ఇస్తారు. కణితి అణుగుతుంది. దాంతోపాటే కోరిక, కండబలం, కొందరిలో బతుకు మీద ఆసక్తీ తగ్గుతాయి. ఈ ముక్క మొదటి ఇంజెక్షన్ రోజే చెప్పాలి. చెప్పకపోతే లోపం తనదేననుకుని మనిషి లోలోపలే కుమిలిపోతాడు. నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఇదే.

కౌన్సెలర్ చేతిలోని డిప్రెషన్ ఫారంలో తొమ్మిది ప్రశ్నలు, గరిష్ఠ స్కోరు 27. పది వచ్చిందంటే డాక్టరు చూడాల్సిందే. ఆయనకు పద్నాలుగు. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. పైగా జబ్బు బయటపడ్డ తొలి నెలల్లో ఆత్మహత్య ముప్పు ఎక్కువని స్వీడన్, అమెరికా అధ్యయనాలు తేల్చాయి. అడక్కపోవడమే ప్రమాదం. ఆయన్ను అప్పుడే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. డిప్రెషన్ మందుల్లో ఒళ్లు మంటలను కూడా తగ్గించేవి ఉన్నాయి.

మీ నాన్నో పెదనాన్నో ఈ చికిత్సలో ఉంటే పీఎస్ఏ ఒక్కటే అడిగి ఊరుకోకండి. నిద్ర పడుతోందా, పొలానికి వెళ్తున్నాడా అని కూడా అడగండి, పక్కన ఎవరూ లేనప్పుడు. ఇంట్లో చెప్పుకోలేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది: 14416. ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.