అరవై దాటాక యుఫోనియం

ఒళ్ళో పెట్టుకుని వాయించే ఇత్తడి వాద్యం యుఫోనియం. చుట్లన్నీ విప్పి చాపితే గొట్టం దాదాపు 9 అడుగులు ఉంటుంది. మా అమ్మాయి దగ్గర ఉందామని అమెరికా వచ్చాక, అరవై దాటిన వయసులో, ఈ ఊరి పెద్దవాళ్ళ బ్యాండులో చేరి దాన్ని నేర్చుకుంటున్నాను.

ఇలాంటి బ్యాండులకు దారి వేసినవాడు రాయ్ ఎర్న్‌స్ట్. 1991లో, న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో ఆయన న్యూ హొరైజన్స్ బ్యాండు మొదలుపెట్టాడు. సంగీతంలో ఓనమాలు రాకపోయినా సరే, యాభై దాటినవాళ్ళు వచ్చి మొదటి స్వరం నుంచి నేర్చుకోవచ్చు. పెద్దవయసులో సంగీతమంటే కచేరీకి వెళ్ళి వినడమే అనుకునే మనకు ఇది ఎంతో అవసరమైన ఆలోచన.

ఊదినంత మాత్రాన ఇత్తడి పలకదు. పెదవులు అదరాలి. బిగించిన పెదవుల మధ్య నుంచి గాలి వెళ్తూ వాటిని అదిరిస్తుంది, ఆ అదురు గొట్టంలో నాదమవుతుంది. వాల్వు నొక్కితే గొట్టం పొడవు పెరిగి స్వరం కిందికి దిగుతుంది. కానీ ఒక్క వాల్వూ నొక్కకుండానే, పెదవుల బిగువు మార్చి స, ప, పై స, ఆ పైన గ పలికించవచ్చు. అందుకే పలకబోయే స్వరం ముందే మనసులో వినపడాలి. ఒక జీవితకాలం పాటలు విన్న చెవి ఇక్కడ పెద్ద ఆస్తి. పెదవులు మాత్రం తొందరగా అలిసిపోతాయి. ఆగి ఆగి, రోజూ కాసేపు సాధన చేయాలి. నిండా ఊపిరి తీసుకుని ఒక్క స్వరాన్నే చివరిదాకా నిలపడం నాకు అన్నిటికన్నా ఇష్టం.

పాట ట్రంపెట్లు అందుకుంటే, దాని కింద నడిచే ఎదురుపాట తరచు మాకొస్తుంది. వినేవాళ్ళు దాన్ని విడిగా గుర్తుపట్టకపోవచ్చు, అది ఆగితే మాత్రం వెలితి తెలుస్తుంది.

ఈ విద్యంతా మన పెళ్ళిళ్ళ బ్యాండు మేళం వాళ్ళకు వచ్చు. మేం కుర్చీల్లో కూర్చుని, కాగితం చూసి వాయిస్తాం. వాళ్ళు ఊరేగింపులో నడుస్తూ, చెవితో పట్టుకున్న సినిమా పాటను కాగితం లేకుండా వాయిస్తారు. అలాంటివాళ్ళను పెళ్ళి సందడిలో భాగంగానే చూశాం, గురువులుగా చూడలేదు. ఇది అన్యాయం.

ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలుండవు, వాళ్ళకు పని ఉండదు. రిటైరైనవాళ్ళ సంఘాల్లో ఉన్నవారికి నా విన్నపం: ఆ రోజుల్లో మీ ఊరి బ్యాండు మాస్టరును పిలవండి. తగిన దక్షిణ ఇచ్చి, ఆయన దగ్గర శిష్యులుగా చేరండి.