అమ్మ యెన్నిన రైలుబండి

2024వ సంవత్సరము మే నెలలో మేము ఐరోపాఖండమునకు పోయి వచ్చిన సంగతి మన పాఠశాలలో అందఱకును తెలిసినదే. బడి తెఱచిన పిమ్మట విద్యార్థులు మమ్ము పెక్కు ప్రశ్న లడిగిరి. వానిలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె యడిగిన ప్రశ్న మా మనస్సున నిలిచిపోయినది. "అయ్యవారూ, ఆ దేశాల్లో తిరిగేదానికి రైలు మంచిదా, కారు మంచిదా?" అని ఆమె యడిగెను. అంతలో గంట మ్రోగుటచే నాడు సమాధానము చెప్పలేకపోతిమి. మా యింట నెలదినములు నలిగిన ప్రశ్నయు నదియే కావున, ఇచట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మా తమ్ముడు జర్మనీదేశమున కొలోన్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. మమ్మును, మా గృహిణిని, మా అమ్మను పదునైదు దినములకు రమ్మని పిలిచెను. అమ్మకు డెబ్బదియొక్క యేండ్లు, మోకాళ్ల నొప్పి. చిన్నకుమారుని సంసారము కన్నులార చూడవలెనని తొమ్మిదేండ్లుగా ఆమె కోరిక. ఆమె ఓపికయు, మా చేతి సొమ్మును మఱియొక పర్యాయము ఇట్లు కలిసివచ్చునని నమ్మకము లేదు. కనుక ఆ పదునైదు దినములలో ఆమెకు ఏ యిబ్బందియు కలుగరాదని మా పట్టుదల.

తమ్ముడు కారు అద్దెకు తీసికొందమనెను. "అన్నయ్యా, ఇంటి వాకిట్లో ఎక్కి, చూసే చోటున దిగొచ్చు" అని అతని వాదము. మా తోటి ఉపాధ్యాయులొకరు యాత్రాసంఘమువారి బస్సులో పోవుట మేలనిరి; పది దినములలో ఏడు దేశములు చూపుదురట. మేము మాత్రము రైలు పక్షము వహించితిమి. నిజము చెప్పవలెనన్న మా పక్షమున వాదము తక్కువ, వ్యామోహ మెక్కువ. రైలుపై ప్రేమ యున్నంత మాత్రమున త్రోవ చక్కనగునా? మేము ఉపాధ్యాయశిక్షణ పొందినది ఆంధ్రదేశమున తిరుపతిలో. ఆ యేడాది యంతయు హోసూరునుండి కృష్ణగిరి, చిత్తూరుల మీదుగా బస్సులోనే పోయి వచ్చితిమి. రైలుకు చుట్టుత్రోవ యగుటయే కారణము. ఈ సంగతి జ్ఞప్తికి రాగా వ్యామోహమును ప్రక్కన పెట్టి, ఒకనాటి రాత్రి కాగితముమీద లెక్క వేయ మొదలిడితిమి.

ఐరోపాలో నివసింపని మనవంటివారికి యూరెయిల్ పాసు అనునది కలదు. 33 దేశముల రైళ్లలో అది చెల్లును. అచటి నివాసులకు దానికి బదులు ఇంటర్‌రెయిల్ పాసు. అందుచే ఒకే పెట్టెలో కూర్చున్నను మాకొక పాసు, తమ్మునికొక పాసు. పాసు చేత నున్నను ఫ్రాన్సుదేశపు వేగబండ్లకును, యూరోస్టార్ బండ్లకును సీటు రిజర్వు చేసికొని, దానికి వేఱుగా రుసుము చెల్లింపవలెను. దినమున కొక యూరు మాఱుచు, అప్పటికప్పుడు త్రోవ నిశ్చయించుకొనువారికి పాసు లాభము. మేము పోదలచినవి బ్రసెల్సు, పారిస్ నగరములు రెండే. కావున కొన్ని వారములు ముందుగా కొన్న విడి టికెట్లే చౌక యని తేలినది.

ఇక కాలము మాట. కొలోన్ నుండి బ్రసెల్సునకు వేగబండిలో రెండు గంటలకు లోపు. పారిసునకు మూడున్నర గంటలకు లోపు. అచటి పెద్ద స్టేషనులు నగరమధ్యమున నుండును. కొలోన్ స్టేషను వెలుపలికి వచ్చినంతనే 157 మీటర్ల యెత్తున ఆ యూరి మహాదేవాలయము కన్నుల కెదురుగా నిలుచును. కారులో పోయిన, నగరములో దానిని నిలుపుటకు చోటు వెదకుకొనవలెను. పైగా మాలో కారు నడుపగలవాడు తమ్ముడొక్కడే.

ఇన్ని లెక్కలు వేసిన పిదప కూడ ఇంటిలో ఏకాభిప్రాయము కుదురలేదు. అప్పుడు అంతవఱకు ఎవరును అడుగని అమ్మ నోరు విప్పెను. "నాయనా, కారులో కాళ్లు ముడుచుకొని నాలుగు గంటలు కూర్చోలేను. లేచి నాలుగడుగులు వేసేదానికి చోటుండాల. అవసరమైతే పోయేదానికి గది ఉండాల. ఆ రెండూ దేంట్లో ఉంటే దాంట్లో పోదాం." మా కాగితము మడిచి పెట్టితిమి. లెక్క అంతటితో తేలిపోయినది.

అయినను రైలు మాకు తొలిదినమే ఒక పాఠము నేర్పెను. ఫ్రాంక్‌ఫర్టు విమానాశ్రయమున దిగి, అచటి స్టేషనులో కొలోన్ బండికై నిలిచితిమి. తమ్మునికని ఊరగాయలు, పొడులు, చీరలు నింపిన పెద్ద పెట్టెలు నాలుగు. ఎత్తి పెట్టుటకు కూలీలు లేరు. బండి నిలుచునది కొలది నిమిషములే. మేమును మా గృహిణియు పెట్టెలు లోని కెక్కించుచుండగా, తలుపు మూయబోవు సూచనగా గంట మ్రోగెను. వెనుదిరిగి చూచిన, అమ్మ ఇంకను క్రిందనే యున్నది! మా గుండె జల్లుమనెను. ఇంతలో ఎవరో యువతి అమ్మ చేయి పట్టి లోని కెక్కించి, తానును ఎక్కెను. తప్పు రైలుది కాదు. ఊరగాయకు ముందు చోటిచ్చి అమ్మను వెనుక నిలిపిన మాది. నాటినుండి మనిషికొక చిన్నసంచి మాత్రమే. అమ్మ మొదట ఎక్కవలెను, సంచులు పిదప. తిరుగుప్రయాణము వఱకు ఈ నియమము తప్పలేదు.

బ్రసెల్సునుండి మఱలునపుడు వేగబండి విడిచి, సాధారణమైన బండిలో యూపెన్ అను చిన్నపట్టణమునకు పోయితిమి. బ్రసెల్సులో ప్రకటనలు ఫ్రెంచిలోను, డచ్చిలోను వినవచ్చెను. లూవెన్ దెసకు పోగా డచ్చి మాత్రమే. లియేజ్ సమీపింపగా ఫ్రెంచి. యూపెన్ చేరుసరికి జర్మను. ఫ్రెంచివారు లియేజ్ అను నగరమునే డచ్చివారు లాయిక్ అనియు, జర్మనులు ల్యూటిఖ్ అనియు పిలుతురు. "ఊరు మారితే మాట మారుతోంది. మన పక్క బస్సు మాదిరే ఉందే!" అని అమ్మ నవ్వెను. బెల్జియములో ఆ జర్మను సీమ జనాభా 80 వేలకు లోపు. అయినను జర్మను ఆ దేశపు మూడవ అధికారభాష. వారి పిల్లలు తమ భాషలోనే బడిలో చదువుకొందురు. తెలుగు బడిలో పాఠము చెప్పు మాకు ఆ ప్రకటన విని కలిగిన సంతోషము ఇంతింత యనరాదు. కారులో పోయియున్న అది మా చెవిని పడియుండెడిది కాదు.

ఇట్లు వ్రాయుటచే కారు కూడదని మా భావము కాదు. ఐఫెల్ కొండలలోని మాన్‌షౌ అను అందమైన చిన్నపట్టణమునకు రైలు లేదు. అచటికి ఒకదినము తమ్ముని కారులోనే పోయితిమి; గంటకొకచోట నిలుపుకొనుచు అమ్మకు విశ్రాంతి నిచ్చితిమి. కొండపల్లెలు చూడగోరువారికి కారు, ఖండము ఈ కొననుండి ఆ కొనకు పోవువారికి విమానము తగును. నాలుగైదు గంటల దూరమున నున్న నగరములకు రైలును మించినది మాకు కానరాలేదు.

కావున ఆ బాలికకు మా సమాధాన మిది. అమ్మాయీ! రైలు మంచిదా, కారు మంచిదా యని యడుగుటకు ముందు, మనతో వచ్చువారిలో ఎక్కువ నడువలేనివారెవరో చూడుము. వారి నడిగి వారి మాట ననుసరింపుము. మేము నెలదినములు వాదించి తేల్చలేనిదానిని మా అమ్మ నాలుగు మాటలలో తేల్చినది. ఆమెను మొదటనే యడిగియున్న ఒక కాగితమును, కొంత దీపపు ఖర్చును మిగిలియుండెడివి.