పొటోమాక్ ఒడ్డున పాత లాకులు

వాషింగ్టన్ డీసీకి పాతిక కిలోమీటర్ల దూరంలో, వర్జీనియా వైపు పొటోమాక్ ఒడ్డున 800 ఎకరాల్లో ఉంది గ్రేట్ ఫాల్స్ పార్కు. యాష్‌బర్న్, హెర్న్‌డన్ తెలుగువాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్లే చోట్లలో ఇదొకటి. పులిహోర డబ్బా ఖాళీ చేసి, జలపాతం ముందు ఫోటోలు దిగి చాలామంది అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతారు. అసలైన సరుకు అక్కణ్ణుంచి దక్షిణానికి వెళ్లే కాలువ బాటలో ఉంది. బాట దాదాపు చదునే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ మెల్లగా నడిచేయొచ్చు.

మైలు లోపే నది 76 అడుగులు కిందికి దూకుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ పడవకు అదే గండం. పైనుంచి పిండి, పొగాకు, ఇనుము జార్జ్‌టౌన్ రేవుకు చేరాలంటే జలపాతాన్ని తప్పించే కాలువ కావాలి. అందుకోసం 1785లో పెట్టిన పొటోమాక్ కంపెనీకి జార్జి వాషింగ్టనే తొలి అధ్యక్షుడు. ఇక్కడి కాలువ పూర్తయింది 1802లో. ఆయన 1799లోనే పోయాడు.

బాట పక్కనే లాకులు. ధవళేశ్వరం, విజ్జేశ్వరం వైపు పెరిగినవాళ్లకు లాకంటే ఏమిటో చెప్పక్కర్లేదు: పడవ లోపలికొస్తుంది, తలుపులు మూస్తారు, నీళ్లు దించుతారు, పడవా దిగుతుంది. ఇక్కడ అలాంటివి అయిదు. తలుపులు ఎప్పుడో పోయాయి, గోడలు నిలిచాయి. ఎర్ర ఇసుకరాయిని ఎంత నున్నగా చెక్కారంటే రెండు రాళ్ల మధ్య గోరు దూరడం కష్టం. దగ్గరికెళ్లి చూడండి, కొన్ని రాళ్ల మీద చిన్న చిన్న గుర్తులు కనిపిస్తాయి. ఏ రాయి ఎవరు చెక్కారో తెలియడానికి రాతిపనివాళ్లు వేసుకున్నవి. కూలీలతోపాటు యజమానుల దగ్గర అద్దెకు తెచ్చిన బానిసలూ ఇక్కడ చెమటోడ్చారు. చివరి లాకులకైతే కొండనే తుపాకిమందుతో పేల్చి దారి చేశారు. అమెరికాలో ఆ పద్ధతి అప్పటికి కొత్త. ఆ చీలికలో నిలబడి తలెత్తి చూస్తే, జలపాతం కన్నా ఇదే గొప్పనిపిస్తుంది నాకు.

ఇంత చేసీ లాభం లేకపోయింది. ఏడాదిలో నెలా రెండు నెలలు తప్ప నదిలో పడవలకు చాలినన్ని నీళ్లుండేవి కావు. అప్పుల్లో మునిగిన కంపెనీ 1828లో మూతపడింది. ఆస్తులు తీసుకున్న కొత్త కంపెనీ అవతలి మేరీల్యాండ్ ఒడ్డున వేరే కాలువ తవ్వుకుంది.

కాలువను నమ్ముకుని వెలసిన ఊరు మటిల్డావిల్. హెన్రీ లీ అనే ఆయన దీనికి తన మొదటి భార్య పేరు పెట్టాడు. పిండిమర, రంపపు మిల్లు, సత్రం, అంగడి అన్నీ ఉండేవి. కాలువతోపాటే ఊరూ పోయింది. లీ అప్పులపాలై జైలుకు కూడా వెళ్లాడు. ఇప్పుడు చెట్ల మధ్య కొన్ని మొండిగోడలు మాత్రం కనిపిస్తాయి.

జలపాతం దగ్గర వరద గుర్తుల స్తంభం ఒకటుంది. అన్నిటికన్నా పై గీత 1936ది. ఏప్రిల్‌లో వెళ్తే నీలిపూలు, చలికాలంలో వెళ్తే ఆకుల అడ్డు లేకుండా గోడలు బాగా కనిపిస్తాయి.

ఒక్క మాట. ఇక్కడ నీళ్లలో దిగడం నిషేధం. పైకి నిదానంగా కనిపించే చోట కూడా అడుగున ప్రవాహం లాగేస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు వాళ్ల చెయ్యి వదలకండి, పాదాలు తడుపుకుందామని కూడా అంచుకు వెళ్లనివ్వకండి.