ప్రేవునందలి రక్తపు జాడ

ప్రేవున పుట్టిన క్యాన్సరు గడ్డను కోసి తీయుటకంటె, మిగిలిన రెండు కొనలను మరల అతుకుటయే శస్త్రవైద్యునకు ఎక్కువ దిగులు కలిగించు పని. ఈ సంగతి నేను గ్రంథములలో చదివినది కాదు. అంబర్‌పేటలో మా యింటికి దగ్గరనే నివసించు మా బావగారికి గత సంవత్సరము పెద్దప్రేవు చివరిభాగమున గడ్డ తీయవలసివచ్చినప్పుడు, చికిత్స చేసిన డాక్టరుగారి నోట వింటిని. మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తోచి యిచట వ్రాయుచున్నాను.

బావగారు బస్సు కండక్టరు పని చేసి విరమించినవారు. మలముతో రక్తము పడుచుండగా మొలలని తలచి ఎనిమిది నెలలు నాటుమందు పుచ్చుకొనిరి. సిగ్గుచే మా అక్కతో కూడ చెప్పలేదు. మొలలున్నవారికి క్యాన్సరు రాకూడదను నియమమేమియు లేదుగదా! కడకు కొలనోస్కోపీ చేయించిన దినమున నిజము బయటపడెను.

గడ్డయున్న భాగముతోపాటు ఇరువైపుల కొంత మంచి ప్రేవును, దాని వెంబడి యున్న శోషరస గ్రంథులను గూడ వైద్యులు తీసివేయుదురు. ఆ గ్రంథులు రక్తనాళముల ప్రక్కనే యుండును గావున, ఆ భాగమునకు రక్తము తెచ్చు పెద్ద ధమనిని కట్టివేయవలసి వచ్చును. ఇక మిగిలిన కొనకు రక్తమెట్లు? ప్రేవు అంచు వెంబడి పోవు సన్నని నాళమొకటి పైభాగపు ధమనుల నుండి రక్తమును తెచ్చి యిచ్చును. అది కొందరిలో పుష్టిగా నుండును, కొందరిలో చిక్కి యుండును. మా వీధిలో నల్లా విడిచినప్పుడు మొదటి యింటివారు బిందెలు నిండి డ్రమ్ములకు పట్టుచుండగా, చివరి యింటి నల్లా బుస్సుమని గాలి యూదుచుండును. ప్రేవు కొన ఆ చివరి యింటివంటిది. రక్తము చాలని అతుకు మానదు. అది విడినచో మలము కడుపులోనికి కారి ప్రాణాపాయము కలుగును.

పూర్వము వైద్యులు ప్రేవు రంగును చూచి, అంచున నాడి కొట్టుకొనుటను పరికించి, కోసినచోట ఎర్రని రక్తము చిమ్ముచున్నదా యని చూచి నిర్ణయించెడివారు. నేటికిని చూతురు. అయితే ఎంత అనుభవము గల కన్నైనను ఒక్కొక్కప్పుడు మోసపోవును. ఇందుకే ప్రతిదీప్తి సాయపడుచున్నది.

ఒక వెలుగును మ్రింగి వెంటనే వేరొక వెలుగును వెడలగ్రక్కు గుణమే ప్రతిదీప్తి. ఐర్లండున పుట్టిన శాస్త్రజ్ఞుడు స్టోక్సు 1852లో దీనికి ఆంగ్లమున పేరిడెను. దుకాణదారుడు నోటును నీలిదీపము క్రింద పెట్టగా అందలి అంకెలు మెరయుట మీరు చూచియుందురు; అదియే యిది. కంటికందని దారిని రంగుతో కనుగొను ఉపాయమును క్రొత్తది కాదు. జర్మనీలో డాన్యూబు నది నీరు ఒకచోట సున్నపురాతి బీటలలో ఇంకి మాయమగును. 1877లో అచ్చట 10 కిలోల ఫ్లోరెసీను కలుపగా, సుమారు 60 గంటలకు, 12 కిలోమీటర్ల దూరపు ఊటలో నీరు పచ్చగా మెరయుచు వెలువడెనట!

ప్రేవు విషయమున వాడునది ఇండోసయనిన్ గ్రీన్ అను ముదురాకుపచ్చ పొడి. ఛాయాచిత్రములకు పేరొందిన కోడాక్ సంస్థ ప్రయోగశాలలలో పుట్టిన యీ రంగునకు 1959లో అమెరికాలో వైద్యోపయోగమునకు అనుమతి లభించెను. మొదట గుండె, కాలేయముల పనిని కొలుచుటకే వాడిరి. కొన్ని మిల్లీగ్రాములు నీటిలో కరగించి చేతి సిరలోనికి ఎక్కించినచో, అది రక్తమందలి ప్రొటీనులనంటి నాళములలోనే తిరుగుచు, నిమిషము లోపుననే ప్రేవును చేరును. సుమారు 800 నానోమీటర్ల పరారుణ కాంతి సోకగా, అంతకంటె కొంచెము పొడవైన తరంగములను విడుచును. ఆ వెలుగు మన కంటికి కానరాదు. ప్రత్యేకమైన కెమెరా దానిని పట్టి తెరపై చూపును. తెరమీది పచ్చదనము యంత్రము వేసిన వేషమే! (టీవీ రిమోటు మీట నొక్కి దాని కొనను సెల్ ఫోను కెమెరాతో చూడుడు, కంటికి కనబడని దీపము చాల ఫోనులలో వెలుగుచు కనబడును.)

ఈ విధమున వాడినప్పుడు ఆ రంగు క్యాన్సరును చూపదు. రక్తము వచ్చినచోటును మాత్రమే చూపును. అదియు త్వరగా చూడవలెను. ఆలస్యమైనచో రంగు మెల్లగా ప్రక్కకు వ్యాపించి, రక్తము చాలని కొనయు వెలుగుచున్నట్లు భ్రమ కలిగించును. అందు అయొడైడు కొంత యుండుటచే, అది పడనివారిని ముందుగా అడిగి తెలిసికొందురు.

డాక్టరుగారు బయటికి వచ్చి నాతో నిట్లనిరి: "మాష్టారూ, మామూలు దీపమున కొన అంతయు గులాబిరంగుగనే యుండెను. తెరమీద మాత్రము చివరి మూడు సెంటిమీటర్లు నల్లగా నుండినవి. వెలుగు వచ్చినంతవరకు వెనుకకు జరిగి, అచ్చట కోసి అతికితిమి." మూడు సెంటిమీటర్లు! మా పిల్లల స్కేలుపై ఎంతపాటి?

అతుకు ఇక విడదు గదా యని నేనడుగగా వారు తల యూపలేదు. రక్తము వచ్చుట యొకటి, గాయము మానుట వేరొకటి అనిరి. జపానులో పురీషనాళ క్యాన్సరు రోగులు 800 మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితము 2023లో వెలువడినది. ఈ వెలుగు వాడనివారిలో నూటికి సుమారు 12 మందికి అతుకు కారగా, వాడినవారిలో సుమారు 8 మందికే కారినది. నెదర్లాండ్సులో జరిగిన పరీక్షలో మాత్రము నిశ్చయముగా చెప్పదగినంత భేదము కనబడలేదు. యంత్రమును పొగడుచునే దాని హద్దును గూడ దాచక చెప్పిన ఆ వైద్యునియందు నాకు నమ్మకము హెచ్చెను.

అతుకు కారినచో ఎక్కువగా మొదటి వారము, పది దినములలోపలనే తెలియును. ఆ దినములలో మా అక్క జ్వరపు పట్టికను తప్ప వేరొకటి చదువలేదు. బావగారు మాత్రము తన మూత్రము పచ్చగా వచ్చునేమోయని నర్సమ్మను అడుగుచుండిరి. ఆ రంగును కాలేయము పైత్యరసముతో ప్రేవులోనికి పంపునేగాని మూత్రములోనికి రాదని ఆమె నవ్వుచు చెప్పినది. నాలుగవనాడు వాయువు వెడలినదని విని వార్డులోనివారందరును సంతోషించిరి. తొమ్మిదవనాడు ఇంటికి పంపిరి.

తండ్రికి ఈ వ్యాధి వచ్చినచో బిడ్డలును వయసు వచ్చినప్పుడు పరీక్ష చేయించుకొనవలెనని డాక్టరుగారు చెప్పియుండిరి. నలుబది యేండ్ల మా మేనల్లుడు పండుగ తరువాత, పెండ్లి తరువాత అని జరుపుచుండెను. అక్కయే ఆసుపత్రికి పోయి వాని పేరు వ్రాయించి, ఆ చీటీని క్యాలెండరునకు గ్రుచ్చినది.