ఉత్సునోమియా గ్యోజా పద్దు

టోక్యోలో మూడు రోజులు గుళ్లూ మ్యూజియాలతో గడిచిపోయాయి. నాలుగో రోజు పొద్దున్నే మా పిన్ని కొడుకు నన్ను షింకన్‌సెన్ రైలు ఎక్కించి ఉత్సునోమియా తీసుకెళ్లాడు. అక్కడ చూడాల్సిందేముందిరా అంటే, "తినాల్సింది ఉందన్నయ్యా" అన్నాడు.

స్టేషన్ దగ్గర ఓయా రాతితో చెక్కిన బొమ్మ ఉంది. గ్యోజా పొరను ఒంటికి చుట్టుకున్న వీనస్! గ్యోజా చూడటానికి అచ్చం మన కజ్జికాయే. లోపల మాత్రం కొబ్బరీ బెల్లమూ కాదు, క్యాబేజీ, వెల్లుల్లి, పంది ఖీమా. మేం వెళ్లిన దుకాణంలో ఎనిమిది మంది కూర్చుంటే ఇక చోటు లేదు. పొయ్యి దగ్గరున్న పెద్దావిడ గ్యోజాలను ఇనప పెనం మీద వరసగా పేర్చి, చుట్టూ నీళ్లు పోసి మూత పెట్టింది. చుయ్యిమనే చప్పుడు సన్నగిల్లి, చిటపటలు మొదలయ్యేదాకా మూత ముట్టుకోలేదు. పైన మెత్తగా, అడుగున నెయ్యి దోసెలా ఎర్రగా కరకరలాడుతూ వచ్చాయి. సోయా సాస్, వెనిగర్ కలిపి, అందులో ఓ చుక్క కారం నూనె వేసుకుని ముంచుకు తినాలి. ప్లేటుకు ఆరు. నేను రెండు ప్లేట్లు తిన్నాను. ఆ ప్రయాణం మొత్తంలో అంత రుచైన భోజనం మరొకటి తినలేదు.

ఒకప్పుడు ఇక్కడున్న జపాన్ సైన్యపు 14వ డివిజన్ సైనికులు మంచూరియా నుంచి ఈ రుచి తెచ్చారట. దాన్ని ఊరి పరువుగా మార్చింది మాత్రం ఇంటి ఖర్చుల పట్టిక. జపాన్ ప్రభుత్వ సర్వేకు ఎంపికైన కుటుంబాలు ఆరు నెలలపాటు ఏ రోజు ఖర్చు ఆ రోజు పద్దు పుస్తకంలో రాస్తాయి. అందులో గ్యోజాకు విడిగా ఓ పద్దు ఉంది. 1990లో ఆ పట్టికల్లో తమ ఊరు ముందుండటం నగరపాలక ఉద్యోగులు గమనించారు. అయితే 2021, 2022ల్లో మొదటి స్థానం మియజాకి నగరానిది, ఆ తర్వాత రెండేళ్లూ హమమత్సు నగరానిది. దుకాణంలో కూర్చుని తిన్నది ఈ లెక్కలోకి రాదు, కొని ఇంటికి పట్టుకెళ్లిందే వస్తుంది. అది తెలిశాక తిరుగు రైలుకు ఓ పొట్లం కట్టించుకున్నాం.

అదే సర్వే ప్రకారం జపాన్‌లో 2024లో ఇంటి ఖర్చులో తిండి వాటా 28 శాతం దాటిందని జనం బెంగపడ్డారు. నేను వెళ్లిన 2025 మేలో 5 కిలోల బియ్యం 4,000 యెన్లకు పైమాటే. మన దేశంలో 2023-24 ఇంటి ఖర్చుల సర్వే ప్రకారం ఆ వాటా పల్లెల్లో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40. మన తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద వాటా బియ్యం, గోధుమలది కూడా కాదు, పానీయాలు, చిరుతిళ్లు, ప్యాకెట్ తిండిది.

జపాన్ వాళ్లు ఖర్చులు రాస్తారు, మనం గుర్తు తెచ్చుకుని చెబుతాం. మన సర్వేలో చిరుతిళ్ల ఖర్చు గడిచిన ఏడు రోజులకు అడుగుతారు. బండి మీద తిన్న మిర్చిబజ్జీ మూడో రోజుకే ఎవరికి గుర్తుంటుంది? మా అమ్మ పాల లెక్క క్యాలెండర్ మీద గీతలు పెట్టి రాసేది గానీ, నాన్న హోటల్లో తిన్న ఇడ్లీ ఏ గీతలోనూ లేదు.

సర్వే వాళ్లు మీ గడప తొక్కితే కాస్త కూర్చోబెట్టి, ఆ బజ్జీల డబ్బులు కూడా చెప్పండి.