క్రియకు ముందున్న చోటు

సాయంత్రం పూట మండపేటలో నా దగ్గరికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో బ్యాంకు పరీక్షలు రాసే కుర్రాళ్లుంటారు, డీఎస్సీకి చదివే ఆడపిల్లలుంటారు, కువైట్‌కో మస్కట్‌కో వెళ్లబోయే ఆడవాళ్లూ ఉంటారు. చదువులు వేరు, అవసరాలు వేరు. కానీ 'ఐ' అని మొదలుపెట్టగానే అందరికీ ఒకే చోట నోరు ఆగిపోతుంది. 'ఐ డైలీ మార్నింగ్ సిక్స్ ఓ క్లాక్ మిల్ గోయింగ్' అంటాడు రైస్ మిల్లులో లెక్కలు రాసే అబ్బాయి. అని, తప్పు చెప్పానేమోనని నా మొహంలోకి చూస్తాడు.

ఆ వాక్యాన్ని తెలుగులోకి తిప్పి చూడండి. "నేను రోజూ పొద్దున్నే ఆరింటికి మిల్లుకెళ్తాను." ఎంత చక్కటి వాక్యం! మన భాషలో క్రియ ఆఖరున కూర్చుంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎన్నిసార్లు, ఎవరితో అన్నవన్నీ దాని ముందే సర్దుకుంటాయి. తెలుగు వాక్యంలో క్రియ ముందు పెళ్లిపందిరంత చోటుంటుంది. ఇంగ్లీషులో అదే చోటు వీధరుగంత. ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. మన పిల్లలు పందిట్లో ఉన్నవాళ్లందరినీ తెచ్చి ఆ అరుగు మీద కూర్చోబెడుతున్నారు. వాళ్లకి వ్యాకరణం రాదని అంటే నేను ఒప్పుకోను. తెలుగు వ్యాకరణం వాళ్లకి నరనరానా ఉంది. ఆ వ్యాకరణాన్ని ఆసరా చేసుకుని ఇంగ్లీషు చెప్పకుండా, అది అడ్డమన్నట్టు చూడడం మనం చేస్తున్న పొరపాటు.

మరి ఆ అరుగు మీద ఎవరిని ఉంచాలి? వ్రెన్ అండ్ మార్టిన్ తిరగేస్తే సూత్రాలు దొరుకుతాయి. నేను ఇంకోలా చెబుతాను. గడియారం, క్యాలెండరు, ఊరు, వీధి చెప్పే మాటల్ని చివరికి పంపించు. నీ అలవాటునీ, నీ మనసునీ చెప్పే మాటని 'ఐ' పక్కన, క్రియకు ముందు ఉంచు. ఆల్వేస్, యూజువల్లీ, నెవర్ అన్నవి అలవాటు చెబుతాయి. రియల్లీ, సిన్సియర్లీ, హంబ్లీ అన్నవి మనసు చెబుతాయి. 'ఐ యూజువల్లీ గో టు ద మిల్ ఎట్ సిక్స్.' ఆరు గంటలూ మిల్లూ వెనక్కెళ్లాయి, అలవాటు ముందు నిలిచింది. ఇలా చెబితే పిల్లలు చప్పున పట్టుకుంటారు.

తరవాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మాస్టారూ, 'ఐ ఆల్వేస్ గో' అన్నారు కదండీ, మరి 'ఐ యామ్ ఆల్వేస్ రెడీ'లో ఆల్వేస్ ఎందుకండీ వెనక్కెళ్లింది?" ఆయ్, మంచి ప్రశ్న. చాలా పుస్తకాలు ఇక్కడ 'అది అంతే, బట్టీ పట్టు' అని దాటేస్తాయి. కారణం ఉంది. షేక్స్పియర్ నాటి ఇంగ్లీషులో 'నాకు తెలియదు' అనడానికి 'ఐ నో నాట్' అనేవారు. అసలు క్రియే నాట్‌ని దాటి ముందుకొచ్చి కర్త పక్కన నిలబడేది. మెల్లమెల్లగా మామూలు క్రియలు ఆ అలవాటు మానుకుని వెనకే ఉండిపోయాయి. అలా వెనకే ఉండిపోవడం వల్ల ఆల్వేస్, నెవర్ వాటికి ముందు పడ్డాయి. నాట్‌కి తోడుగా 'డూ' వచ్చి 'ఐ డూ నాట్ నో' అయింది. యామ్, విల్, హావ్ లాంటి సహాయక క్రియలు మాత్రం పాత పద్ధతి వదల్లేదు, ఇప్పటికీ ముందుకొచ్చి నిలబడతాయి. అందుకే 'ఐ యామ్ ఆల్వేస్', 'ఐ హావ్ నెవర్'. ఒక భాష మూడు నాలుగు వందల ఏళ్ల కింద ఇల్లు సర్దుకున్న తీరు మండపేట పిల్లల నోటు పుస్తకంలో కనబడుతోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మన పిల్లలు ఎన్నడూ చేయని తప్పొకటుంది. 'ఐ స్పీక్ వెల్ ఇంగ్లీష్' అని ఫ్రెంచివాళ్లు పొరపడతారు, ఎందుకంటే వాళ్ల భాషలో క్రియకీ కర్మకీ మధ్య ఆ మాట ఇముడుతుంది. మనకి ఆ బెడద లేదు. మనకొచ్చే చిక్కు 'చాలా'తో. "చాలా తీపి" అంటాం, "చాలా నచ్చింది" అంటాం. గుణం ముందూ క్రియ ముందూ ఒకటే మాట. దాంతో మన తాపేశ్వరం మడత కాజా నోట్లో పెట్టుకున్న పిల్ల 'ఐ వెరీ లైక్ దిస్ కాజా' అనేస్తుంది. వెరీ ఒంటరిగా క్రియ ముందు నిలవదు. 'ఐ రియల్లీ లైక్ దిస్ కాజా' అనాలి, లేదా వెరీ పక్కన మచ్‌ని జోడించి చివర పెట్టాలి.

ఇక అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది హియర్‌బై. కలువపువ్వు సెంటర్లో గానీ బస్టాండు దగ్గర గానీ ఏ డీటీపీ షాపుకైనా వెళ్లండి. బయోడేటా కింద తప్పనిసరిగా ఒక వాక్యం ఉంటుంది, 'ఐ హియర్‌బై డిక్లేర్' అని. పైన చెప్పిన వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని దాని అర్థం. దాని కింద 'ప్లేస్: మండపేట' అని, తేదీ, సంతకానికి ఖాళీ. పేరూ ఫోన్ నంబరూ మారతాయి గానీ ఆ వాక్యం మారదు. ఆ మాటకి అర్థమేమిటని అడిగితే ఇంతవరకు నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చెప్పినవాళ్లు తక్కువ.

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసాలు, ఆయన పోయాక 1962లో పుస్తకంగా వచ్చాయి. కొన్ని వాక్యాలు ఏదో ఒక సంగతి చెప్పి ఊరుకోవు, పలకడంతోనే ఒక పని జరిపేస్తాయి అన్నది ఆయన మాట. మాటిస్తున్నాను, ఒప్పుకుంటున్నాను, ప్రమాణం చేస్తున్నాను అన్నవి అలాంటివి. వాటిని గుర్తుపట్టడానికి ఆయన చూపిన ఆనవాళ్లలో ఒకటి, ఉత్తమ పురుష ఏకవచనంలో, వర్తమానంలో ఉన్న క్రియ ముందు హియర్‌బై ఇముడుతుందా అన్నది. 'ఐ హియర్‌బై ప్రామిస్' నిలుస్తుంది. 'ఐ హియర్‌బై ఈట్' నిలవదు. అన్నం తింటున్నానని చెబితే కడుపు నిండదు కదా! డీటీపీ షాపులో ఇరవై రూపాయలకి అచ్చయ్యే కాగితం మీద ఆ ఒక్క మాట, సంతకం పెడుతున్న పిల్లాణ్ని తన నిజానికి తనే పూచీ పెట్టుకునేలా చేస్తోంది. అర్థం తెలియకుండా వాడి చేత ఆ పూచీ పెట్టించడం నాకు బాధగా ఉంటుంది.

మన రాజ్యాంగం మూడో షెడ్యూల్లో మంత్రుల ప్రమాణం కూడా ఇదే అచ్చులో ఉంటుంది. "శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో" అన్న మాటలు టీవీలో విని విని మనందరికీ నోటికొచ్చేశాయి. ఇంగ్లీషులో అవి ఫెయిత్‌ఫుల్లీ, కాన్షియెన్షస్లీ. ఎలా చేస్తాననేది చెప్పే ఇలాంటి మాటలు మామూలుగా వాక్యం చివరికెళ్లాలి, 'ఐ డ్రైవ్ కేర్‌ఫుల్లీ' అన్నట్టు. ఇక్కడ మాత్రం విల్‌కీ డిశ్చార్జ్‌కీ మధ్య చేరాయి. డిశ్చార్జ్ వెనకాల కర్తవ్యాల గురించిన మాటలు బారుగా ఉన్నాయి, ఈ రెండూ ఆ చివరికి పోతే క్రియకి దూరమైపోతాయి. పైగా ప్రమాణంలో పనికన్నా ముందు మనసు వినబడాలి. తెలుగు ప్రమాణంలోనూ అవి క్రియకి ముందే ఉన్నాయి. రెండు భాషలూ కలిసి నడిచిన చోటు కాబట్టి నేను పాఠం తరచూ ఇక్కణ్నించే మొదలుపెడతాను.

మనకి దగ్గరలో ఉన్న రాజమండ్రిలో కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్, 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించాడు. తెలుగు నేర్చుకునే దొరలకి వాళ్ల భాషలోంచే దారి వేశాడు. ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లలకి మన భాషలోంచి దారి వేసే పుస్తకాలు, అందులోనూ ఏ మాట ఎక్కడ నిలబడాలో ఇంత దగ్గరగా చూపించేవి, పల్లెటూరి బడి దాకా రావాలని నా కోరిక.

ఎందుకంటే ఒక్క మాట అటూ ఇటూ జరిగితే వచ్చే తేడా చిన్నది కాదు. 'ఐ రియల్లీ డోంట్ నో' అంటే నిజంగా నాకు తెలియదు, ఒట్టు. 'ఐ డోంట్ రియల్లీ నో' అంటే నాకంత సరిగ్గా తెలియదు, కొంత తెలుసు. రియల్లీ మాట మారలేదు. డోంట్‌కి ముందుంటే ఒట్టు వేసింది, వెనక్కెళ్తే ఒట్టు సడలిపోయింది. తెలుగులో ఈ తేడాకి మనం మాటనే మార్చేస్తాం, 'నిజంగా' తీసేసి 'అంతగా' అంటాం. మొన్న బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్లబోతున్న కుర్రాడు, తెలియని ప్రశ్న వస్తే ఈ రెండిట్లో ఏది చెప్పమంటారని అడిగాడు. "నీకసలు తెలియదా, సగం తెలుసా అన్నది ముందు తెలుగులో తేల్చుకో బాబూ" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, రుణాల వడ్డీ లెక్కలైతే రెండోది, విదేశీ మారకం గురించైతే మొదటిదండీ అని రెండు వాక్యాలూ పుస్తకంలో రాసుకుని, ఏది దేనికో పక్కన తెలుగులో రాసుకున్నాడు.